చిటికెడు విభూది

గది నిండా ఫినాయిల్ వాసన. ఇన్‌స్పెక్టర్ మంగయ్యర్కరసి, అందరికీ మంగై, లోపలికి అడుగు పెట్టబోయి గుమ్మంలోనే ఆగిపోయింది.

నేల తడితడిగా మెరుస్తోంది. బల్లలు తుడిచేశారు. కిటికీలు బార్లా తెరిచారు. నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పొద్దున ఇదే గదిలో, తెన్రల్ నిట్‌వేర్ కంపెనీ తపాలా సెక్షన్లో, పూంగొడి అనే గుమాస్తా టపా విప్పుతూ విప్పుతూ కడుపు పట్టుకుని కుర్చీలోంచి పడిపోయింది. ఇప్పుడామె తిరుప్పూరు ఆస్పత్రిలో చావుతో పెనుగులాడుతోంది.

"ఈ గది కడిగిందెవరు?"

లోపలున్న నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"గోడల్ని అడగడం లేదు, మిమ్మల్నే!"

"నేనే కడిగించాను," అంటూ కిటికీ పక్కనున్న కుర్చీలోంచి కందప్పన్ తాపీగా లేచాడు. కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు. అంతకుముందు డీఎస్పీ. మంగై కొత్తగా ఎస్సై అయిన రోజుల్లో ఆమెచేత రెండేళ్ళు సెల్యూట్లు కొట్టించుకున్నవాడు. "బాగున్నావా మంగై? లోపలికి రా. కాఫీ చెప్తాను."

"కాఫీ తర్వాత సార్. పొద్దున ఇక్కడ ఒక మనిషి విషం మింగింది. నేనొచ్చేసరికి మీరు పెళ్ళివారింట్లా కడిగి పెట్టారు. ముగ్గు కూడా వేయించకపోయారా?"

"విషమని తెలుసు గనకే కడిగించా. ఇంకో ప్రాణం పోకూడదని. నీకు నేర్పినవాణ్ణి, నాకు నేర్పకు."

మంగై జేబులో ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి డాక్టర్ నూర్జహాన్.

"ఆ కవర్లో ఏముందో తెలిసిందా ఇన్‌స్పెక్టర్?"

"ఇప్పుడే వచ్చాను డాక్టర్."

"వాంతులు ఆగడం లేదు. నాడి అందీ అందకుండా ఉంది. ఏ విషమో తెలిస్తే దానికి విరుగుడు ఎక్కిస్తాను. తెలీకుండా ఊహించి ఎక్కిస్తే ఆ మందే చంపుతుంది. నాకు చిటికెడు చాలు. ఆ పొడి చిటికెడు పంపండి. చీకటి పడేదాకా మాత్రం ఆగలేను."

ఫోను పెట్టేసి మంగై మళ్ళీ ఆ తడి నేల కేసి చూసింది.

"ముందు ఆ ఫ్యాను ఆపండి."

ఎవరో స్విచ్చి నొక్కారు. మంగై మాస్కు కట్టుకుని, చేతులకి గ్లవ్స్ తొడుక్కుని లోపలికి నడిచింది. గోడకి పెద్ద కాగితాల క్యాలెండరు వేలాడుతోంది. దాని వెనక అట్ట అంచు ఒకటి తొంగిచూస్తోంది. క్యాలెండరు ఎత్తింది. కింద ఎర్రక్షరాల నోటీసు. అద్దకం యూనిట్లకి బెదిరింపు ఉత్తరాలొచ్చిన ఏడాది ప్రతి కంపెనీకీ పోలీసులు పంచినదే. పంచిన వాళ్ళలో ఆమె కూడా ఉంది.

"మాణిక్కం గారెవరు?"

బక్కపల్చటి పెద్దాయన ముందుకొచ్చాడు. "నేనేనమ్మా. సెక్షన్ హెడ్డుని."

"దీని మీద క్యాలెండరు తగిలించిందెవరు?"

"అదీ... మేకు ఒకటే ఉందమ్మా."

"మేకు ఒకటే ఉంది!" మంగై ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది. తర్వాత నోటీసు మీద వేలు పెట్టి, గది అదిరేలా చదవడం మొదలుపెట్టింది. "అనుమానం కలిగించే కవరుగానీ, పార్సిలుగానీ వస్తే కదపకండి. ఊపకండి. వాసన చూడకండి. కందప్పన్ సార్, ఆ కవరు ఇప్పుడెక్కడుంది?"

"నా టేబుల్ సొరుగులో. భద్రంగా."

"అక్కడికి ఎలా వెళ్ళింది? నడిచి వెళ్ళిందా?"

మంగై వేలు నోటీసులో తర్వాతి వరసకి జరిగింది.

"పొడి ఒలికితే ఊడవకండి, తుడవకండి. మీరు కడిగించారు. ఫ్యాన్లు ఆపండి. మీరు తిప్పారు. కిటికీలు, తలుపులు మూసి బయటికి రండి, ఎవర్నీ లోపలికి పోనీయకండి. మీరు అన్నీ తెరిచి ఊరందర్నీ పిలిచారు. తాకిన వాళ్ళు చేతులూ మొహం సబ్బుతో కడుక్కుని ఒక పక్కన ఉండండి."

"అది చేయించాను," అన్నాడు కందప్పన్ చటుక్కున.

"చేయించారు. ఈ గదిలో జరిగిన మంచిపని అదొక్కటే."

"చూడమ్మాయ్, ఆ నోటీసు బాంబు పార్సిళ్ళ గురించి. వచ్చింది స్వామి ప్రసాదం. మురుగన్ కోవెల విభూది. దాన్ని అనుమానించాలని ఏ తల్లి కన్నబిడ్డకి తోస్తుంది?"

"ఒక్కడికి తోచింది సార్. విషం కలిపినవాడికి. మనలో ఎవరికీ అనుమానం రాదని వాడికి బాగా తెలుసు."

మాణిక్కాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తను నిలబడే అడిగింది.

"ఆ కవరు ఎవరి పేరున వచ్చింది?"

"ఎండీ గారి పేరునేనమ్మా. నెలనెలా కృత్తిక నక్షత్రం రోజున కొండమీద ఆయన పేరున అర్చన జరుగుతుంది. తర్వాత ప్రసాదం పోస్టులో వస్తుంది. పోయిన వాళ్ళమ్మగారు శాశ్వత అర్చనకి డబ్బు కట్టేసి పోయారు. ఆపమన్నా కోవెల వాళ్ళు ఆపరు."

"ఆపమన్నారా?"

మాణిక్కం నవ్వాలా వద్దా అన్నట్టు చూశాడు. "అరివళగన్ గారు నల్లచొక్కా మనిషి కదమ్మా. దేవుడు లేడంటారు. విభూది కవరు పైకి వస్తే నా టేబుల్ మైలపడుతుందని ఆయనే హాస్యమాడతారు. అందుకని ఇక్కడే విప్పి మేమే పంచుకుంటాం."

"ఇవాళ ఎవరెవరు పెట్టుకున్నారు?"

"సెక్షన్లో ముగ్గురం. మేమిద్దరం నుదుటికే పెట్టుకున్నాం. పూంగొడి మాత్రం నుదుటికి పెట్టుకుని, చిటికెడు నాలిక్కి రాసుకుంటుంది. మొదట్నించీ ఆమెకదే అలవాటు."

"రంగు తేడా ఏమన్నా కనబడిందా?"

"కాస్త తెల్లగా ఉందనుకున్నా. కోవెల్లో కొత్త విభూది వాడుతున్నారేమోలే అనుకున్నానమ్మా." ఆయన కళ్ళు ఒత్తుకున్నాడు. "ఆ పిల్ల నా కళ్ళముందే..."

"ఏడుపు తర్వాత. ముందు ఇది చెప్పండి. పెట్టుకోగా వేళ్ళకి మిగిలిన విభూది ఏం చేశారు?"

మాణిక్కం తెల్లబోయాడు. కందప్పన్ విసుక్కున్నాడు. "మిగిలింది దులిపేసుకుని ఉంటారు. ఇదేం ప్రశ్న?"

"ఎక్కడ దులుపుతారు సార్? నేల మీదా? కాళ్ళ కింద పడేట్టు? మీరు దులుపుతారా ఎప్పుడైనా?"

కందప్పన్ తన అరచేతి కేసి చూసుకున్నాడు.

కోవెల్లో అయితే స్తంభం మీదున్న బొమ్మ ఒళ్ళో పోస్తారు. ఆ ఊళ్ళో పుట్టిన ఏ మనిషీ మిగిలిన విభూదిని నేల మీద పడేయడు. మంగై తండ్రి కూడా నల్లచొక్కానే. అయినా పక్కింటి ముసలమ్మ బలవంతాన చేతిలో పెట్టిన విభూదిని ఆయన కిటికీ అరుగు మీద పోసేవాడు తప్ప నేల మీద విదిలించేవాడు కాదు. ముసలమ్మ నొచ్చుకుంటుందని.

మంగై గది నాలుగు మూలలూ కలియజూసింది. తలుపు పక్కన మురుగన్ పటం. పటం కింద చెక్క పట్టీ. పటానికీ గోడకీ మధ్య వేలు పట్టేంత సందు. గది కడిగిన మనిషి బల్లలన్నీ తుడిచింది గానీ, ఆ పటాన్ని ఫినాయిల్ గుడ్డతో ముట్టలేదు. పట్టీ మీద తడి జాడే లేదు.

ఆమె ఊపిరి బిగబట్టి టార్చి వేసింది. సందులో బూడిదరంగు విభూది గట్టిపడి పేరుకుపోయి ఉంది. దాని మీద వేలి ముద్రంత మేర పాలమీగడలాంటి తెలుపు. కొత్తది. వెలుగు పడగానే అందులో సన్నని పలుకులు తళుక్కుమన్నాయి.

"సహాయమేరీ!"

గుమ్మం బయటున్న కానిస్టేబుల్ సీసా తెచ్చింది. మంగై ఆ తెల్లదాన్ని మాత్రమే మెల్లగా సీసాలోకి జార్చి మూత బిగించింది. ఆ సీసాని డబ్బాలో, ఆ డబ్బాని మరో డబ్బాలో పెట్టి సీలు వేసింది.

"డాక్టర్ నూర్జహాన్ చేతికే ఇవ్వు. దారిలో ఎవరైనా ఆపితే నా పేరు చెప్పు. వినకపోతే తిట్టు."

"ఏమని తిట్టమంటారు మేడం?"

"నీకు రానట్టు!"

కానిస్టేబుల్ మోటారుసైకిల్ బయల్దేరిన చప్పుడు వినిపించింది. అదే సమయంలో మెట్ల మీంచి మరో అడుగుల చప్పుడు. మేనేజింగ్ డైరెక్టర్ అరివళగన్ దిగి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని నల్లచొక్కా, నెరిసిన మీసం, అలసిన కళ్ళు.

"ఆ అమ్మాయి ఎలా ఉంది?" అన్నాడు రాగానే.

"బతికే ఉంది."

"కవరు మీద ఉన్నది నా పేరు ఇన్‌స్పెక్టర్. ఆ పడక మీద ఉండాల్సింది నేను. పోయిన నెల ఒక సభలో మాట్లాడాను. అప్పట్నించీ బెదిరింపు ఫోన్లు."

"ఆ బెదిరించిన వాళ్ళలో ఇద్దర్ని పట్టుకొచ్చా," కందప్పన్ ఛాతీ విరిచాడు. "భజన సంఘం కుర్రాళ్ళు. గేటు గదిలో కూర్చోబెట్టా. పేపరు వాళ్ళకి కూడా చెప్పాను. కేసు తేలిపోయింది మంగై. సంతకం పెట్టి తీసుకుపో."

"పట్టుకొచ్చారా? ఏ అధికారంతో? అరెస్టు చేసే పవరు మీ పెన్షన్ కాగితాలతో పాటు ఇచ్చారా సార్?"

"నోరు జారకు!"

"ఇప్పుడే ఆ కుర్రాళ్ళని వదిలేయండి. లేకపోతే మనుషుల్ని అక్రమంగా నిర్బంధించారని ముందు మీ మీద కేసు రాస్తాను." ఆమె అరివళగన్ వైపు తిరిగింది. "మీరు విభూది ముట్టరని ఎంతమందికి తెలుసు సార్?"

"ఊరందరికీ తెలుసు."

"మరి ముట్టని మనిషిని విభూదితో ఎవరు చంపాలనుకుంటారు?"

అరివళగన్ కనుబొమలు ముడిపడ్డాయి. "మా మీద ద్వేషం ఉన్నవాళ్ళకి బుర్ర పనిచేయదు ఇన్‌స్పెక్టర్. మీ పని మీరు చూడండి. నేను ఆస్పత్రికి వెళ్ళి ఆ అమ్మాయి వాళ్ళని పలకరించి వస్తాను. బిల్లు మొత్తం కంపెనీదేనని చెప్పాలి."

కారు గేటు దాటింది. మంగై కందప్పన్ ముందు చెయ్యి చాపింది.

"కవరు."

అతను సొరుగులోంచి తెచ్చి ఇచ్చాడు. ఉత్త చేతులతో. ఆమె పళ్ళు నూరుకుంటూ దాన్ని పారదర్శకమైన సంచీలో వేసి లైటు కింద పట్టింది. ముందు వైపు స్టాంపు అతికించి ఉంది. స్టాంపు మీద పోస్టాఫీసు ముద్ర లేదు. వెనక్కి తిప్పింది. అక్కడా లేదు. సంచుల్లో నలిగి, చేతులు మారి వచ్చిన కవరు అంచులు మాసి ఉండాలి. ఇది ఇప్పుడే అంగట్లో కొన్నట్టుంది.

"ఇది కొండ మీంచి రాలేదు. ఏ పోస్టాఫీసు గడపా తొక్కలేదు. ఈ కాంపౌండు లోపలే తపాలా సంచీలో కలిసింది. సంచీ ముందు వచ్చేది మీ గేటుకి. అవునా?"

కందప్పన్ మొహం కందగడ్డలా అయింది. "అంటే? నేను కలిపానంటావా?"

"మీరే గది కడిగించారు. మీరే కవరు దాచారు. మీరే దొంగల్ని కూడా తయారుగా పెట్టారు. నా స్థానంలో మీరుంటే ఏమంటారు? మీ పాఠమే సార్, అప్పజెప్తున్నాను."

"ముప్పై ఏళ్ళు ఖాకీ వేసుకున్నవాణ్ణి! నా చేతిలో ఉండగా సంచీ సీలు ఊడలేదు. పైకి వెళ్ళి కిందికి వచ్చాక దానికేమైందో నన్నడుగుతావా?"

"పైకా? పైకెందుకు..."

ఫోను మోగింది. డాక్టర్ నూర్జహాన్ ఊపిరి ఆడనట్టు మాట్లాడింది.

"ఆర్సెనిక్ పాషాణం ఇన్‌స్పెక్టర్! మామూలు పరీక్షకే దొరికిపోయింది. విరుగుడు ఎక్కించడం మొదలుపెట్టాం. ఆమె మింగింది కొంచెమే. ఇంకో గంట గడిస్తే నమ్మకంగా చెప్పగలను."

మంగై గోడకి ఆనుకుంది. ఒక్క క్షణమే. వెంటనే మాణిక్కం మీద పడింది.

"ఈ గదిలో విభూది నోట్లో వేసుకునేది పూంగొడి ఒక్కతే. కవరు పైకి పోదని, ఇక్కడే విప్పుతారని తెలిసినవాడే ఇది పంపాడు. వాడికి కావాల్సింది పూంగొడి ప్రాణం. ఎందుకు?"

"నాకేం తెలుసమ్మా..."

"మీ మొహం చూస్తే తెలుస్తోంది తెలుసని. భయమేస్తోందా? ఆ పిల్లకి కూడా భయమేసే ఉంటుంది, రక్తం కక్కుకుంటున్నప్పుడు. చెప్పండి!"

మాణిక్కం కందప్పన్ వైపు చూశాడు. మంగై ఆ ఇద్దరి మధ్యకి జరిగి నిలబడింది.

"నా వైపు చూసి చెప్పండి."

"సోమవారం ఎంక్వయిరీ ఉందమ్మా," పెద్దాయన గొంతు గుసగుసకి దిగింది. "అద్దకం నీళ్ళ ట్యాంకులో ఇద్దరు ఊపిరాడక పోయారు కదా. వాళ్ళంతట వాళ్ళే దిగారని కంపెనీ అంటోంది. కాదు. పైనించి ఫోనొచ్చింది, మాస్కులు లేకపోయినా దింపమని. టెలిఫోన్ బోర్డు కూడా పూంగొడే చూస్తుంది. ఆ ఫోను కలిపింది ఆమే. లైను వదిలేలోపు మాట చెవిన పడింది."

"పైనించి అంటే ఎవరు?"

"పేరు నాకు చెప్పలేదమ్మా. సోమవారం అందరి ముందూ చెప్తానంది."

"అవతల ఫోను ఎత్తిందెవరు?"

"మేస్త్రీ మరుదాచలం. పైకి లాగడానికి తనూ దిగాడు. ప్రాణాలతో బయటపడ్డాడు గానీ, ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. సోమవారం సాక్ష్యానికి అతన్నీ మోసుకొస్తామని ఇంట్లోవాళ్ళన్నారు."

ఒకే ఫోనుకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఈ చివర ఉన్నామె ఆస్పత్రిలో ఉంది.

"మాణిక్కం గారూ, కవర్లో విభూది ఎంత ఉంది? ముగ్గురు పెట్టుకోగా మిగిలిందేమైంది?"

"సగానికి సగం పూంగొడి వేరే పొట్లం కట్టిందమ్మా. నెలనెలా కడుతుంది. మంచం పట్టిన మనిషి కదా, మరుదాచలానికి పంపిస్తుంది. అతను కూడా నోట్లోనే..."

ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. తను చెబుతున్నదేమిటో అప్పటికిగాని ఆయన చెవిన పడలేదు.

"పొట్లం ఎక్కడ?"

"ఈ బల్ల మీదే పెట్టింది."

మంగై కందప్పన్ వైపు తిరిగింది. ఈసారి ఆమె అరవలేదు. "సార్, గది కడిగించేటప్పుడు ఇక్కడ పొట్లం ఉందా?"

"లేదు." అతని గొంతులోంచి బింకం జారిపోయింది. "ఒట్టు మంగై, లేదు. నేనొచ్చేసరికే బల్ల ఖాళీ."

"మరుదాచలం ఇంటి నంబరు!"

మాణిక్కం ఫోను తీసి, మరుదాచలం భార్య రాసాత్తి నంబరు చూపించాడు. మంగై తన ఫోనులో నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. మోగుతుండగానే ఆమె జీపు వైపు పరుగెత్తింది. కందప్పన్ వెనకే వచ్చి పక్క సీట్లోకి ఎక్కాడు. దిగమనడానికి కూడా వ్యవధి లేదు.

"ఎవరూ?" ఆడగొంతు. రాసాత్తి.

"అమ్మా, నేను కంపెనీ దగ్గర్నించి మాట్లాడుతున్నా. పూంగొడి పంపే ప్రసాదం వచ్చిందా?"

"వచ్చిందక్కా, ఇప్పుడే. ఈసారి పూంగొడి పంపలేదు. పెద్దాయనే తెచ్చారు."

"ఏ పెద్దాయన?"

"ఇంకెవరక్కా, ఎండీ అయ్యే. మా కూలీల లైనింట్లోకి ఆయన కాలు పెట్టడం ఇదే మొదలు. కారు సందులోకి రాకపోతే నడిచొచ్చారు. నాకు నమ్మకం లేదు గానీ మీకోసం తెచ్చానన్నారు. పిల్లలకి బిస్కెట్లు కూడా తెచ్చారు."

మంగై ఫోను చెవికి దూరంగా పట్టుకుంది. ఆ మాటలు కందప్పన్‌కి కూడా వినబడ్డాయి.

"ఇవాళ సంచీ ముందు తన గదికి పంపమన్నాడు," అన్నాడు గొణుగుతూ. "ఏదో అర్జెంటు టెండరు కాగితం ఉందన్నాడు. గది కడిగించమన్నది కూడా ఆయనే మంగై. ఫోను చేసి మరీ. నాకంటే ముందు ఆ గదిలోకి దిగి వెళ్ళిందీ ఆయనే."

మంగై గొంతు తగ్గించి ఫోనులోకి ఒక్కో మాటా ఒత్తి పలికింది.

"రాసాత్తీ, నేను ఇన్‌స్పెక్టర్ని. మొహంలో ఏమీ కనబడనీకు. నేను చెప్పేది విని 'ఊఁ' అను, చాలు. మీ ఆయన అది నోట్లో వేసుకున్నాడా?"

"ఊహూఁ. నీళ్ళు తేవడానికి లేచా."

"వేసుకోనీకు. అందులో విషముంది. పొట్లం చెయ్యి జారినట్టు నీళ్ళల్లో పడెయ్యి. నేను దారిలో ఉన్నా."

అవతల గిన్నె ఒకటి నేల మీద దొర్లింది. మెల్లగా, మర్యాదగా ఒక మగగొంతు అడిగింది.

"ఎవరమ్మా ఫోన్లో?"

"రేషన్ షాపోళ్ళయ్యా. చక్కెర వచ్చిందంట."

"అయ్యో, చెయ్యి అంతలా వణుకుతోందేం? పడిపోతే పోయిందిలే. నా దగ్గర ఇంకో పొట్లం ఉంది." కుర్చీ కిర్రుమంది. అడుగులు ఫోనుకి దగ్గరగా వచ్చాయి. "ఇలా రా. ఈసారి ముందు నువ్వు వేసుకో. పిల్లల్ని కూడా పిలు."

లైను తెగిపోయింది.